బల్ల కింద లాయరుగారు

మా ఆయన నోట "నావల్ల కాదు" అనే మాట రాదు. పెళ్లయి ఇరవై రెండేళ్లు, నేనైతే ఒక్కసారీ వినలేదు. ఆ రోజు అదే మా కొంప ముంచేలా ఉందని నా భయం.

ఆయన కుర్చీలూ బల్లలూ చేసే కంపెనీలో వడ్రంగి. కిందటేడు రంపం మిషన్లో కుడి బొటనవేలి నరం తెగింది. కుట్లు మానాయి, వేలు చూడ్డానికి నిక్షేపంగా ఉంది, పట్టు మాత్రం పోయింది. కంపెనీ వాళ్లేమో వేలు బాగానే ఉందిగా, పరిహారం దేనికన్నారు. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందని మధ్యవర్తి దగ్గరికెళ్లాం. ఆవిడ ఏం చెబితే అదే ఖాయమని రెండువైపులా సంతకాలు పెట్టాం.

ఆ రోజు ఆవిడ ఆఫీసు మెట్లెక్కుతూ చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఏవండీ, చెయ్యి ఎలా ఉందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. గొప్పలకి పోకండి." తలూపాడు. ఆ తల ఊపడం నాకు తెలీదా.

లోపల మధ్యవర్తిగారు రాసినప్పుడల్లా ఆవిడ బల్ల టకటకమంటోంది. ఈయన చూపంతా దాని కాలు మీదే. నేను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను.

కంపెనీ లాయరు మెత్తగా అడిగాడు. "చిన్నచిన్న పనులు చేసుకోగలరు కదండీ?"

"ఎందుకు చేసుకోలేను" అన్నాడు మా మహానుభావుడు.

ఇంకోసారి గట్టిగా పొడిచాను. లాయరు ముఖం చాటంతయింది. "అయితే ఈ బల్ల సంగతి చూస్తారా?"

అడగడమే ఆలస్యం, ఈయన బల్ల కింద దూరాడు. జేబులో స్క్రూడ్రైవరు కూడా ఉంది, ఇంట్లో నన్ను ముట్టుకోనివ్వనిది. పరిహారం అడగడానికి వస్తూ అది వెంట తెచ్చుకునే మనిషిని ఏమనాలి?

వదులైన స్క్రూ తీసి మళ్లీ పెట్టబోయాడు. పడింది. ఏరి పెట్టాడు. పడింది. మూడోసారి దొర్లుకుంటూ లాయరు బూటు దాకా పోయింది. లాయరు నవ్వు మానేశాడు.

"నావల్ల కాదండీ" అన్నాడు ఈయన, బల్ల కిందనుంచే.

పొద్దుట్నుంచీ ఆ మాట కోసమే చూశాను. తీరా అన్నాక వినలేకపోయాను. తల వంచుకుని ఏడ్చేశాను.

స్క్రూ ఏరివ్వడానికి లాయరు వంగాడు. "కాస్త మీరే పెట్టండి" అన్నాడు ఈయన. ఇక చూడండి, కోటుతో సహా లాయరు బల్ల కింద. "అటు కాదండీ, ఇటు తిప్పండి. అంత బలం దేనికి, మెల్లగా." కాలు బిగిసింది. కదలని బల్ల మీద మధ్యవర్తిగారు రాసుకుని, అడిగిన పరిహారం మొత్తం ఇవ్వాలని చదివారు. లాయరు ఇంకా కిందే ఉన్నాడు. "అభ్యంతరం లేదండీ" అన్నాడు.

ఇంటికొస్తూ, మూడు నెలలుగా అననిది ధైర్యం చేసి అన్నాను. "మన అలమర తలుపు వేలాడుతోంది. ఎవర్నైనా పిలుద్దామా?"

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"ఎవరో ఎందుకు? నువ్వు బిగించు, నేను చెప్తాను" అని స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టాడు.