దుప్పటి పిండే చోట

శనివారం వచ్చిందంటే రూపకు దుప్పట్ల ఉతుకుడు. చాంద్రాయణగుట్టలో ఆ ఇంటి డాబా మీద, నల్లా పక్కన కూర్చుని మూడో దుప్పటి పిండుతుంటే కింద ఆటోలోంచి మళ్లీ అదే పాట. ఆరు వారాలుగా ట్రెండింగ్‌లో మొదటి స్థానం దిగని పాట. పాడింది ఆడపడుచు స్వీటీ. బాణీ కట్టింది, తెర మీద పడే పేరు ప్రకారం, మొగుడు ప్రేమ్‌రాజ్. నిజానికి రూప.

ఎప్పుడు కట్టిందో ఆమెకే సరిగ్గా తెలియదు. పెళ్లయిన తొమ్మిదేళ్లుగా ఇదే డాబా మీద, ఇవే దుప్పట్ల మధ్య నోట్లో తిప్పుకున్న బాణీ. నీళ్లు తాగి బరువెక్కిన దుప్పటిని ఒక్కతే పిండాలంటే ఊపిరి బిగబట్టాలి. అందుకే పల్లవి రెండో లైను చివర పాట టక్కున ఆగేది. పిండి, దులిపి, మళ్లీ అందుకునేది. ప్రేమ్‌రాజ్‌కు బస్ డిపోలో మెకానిక్ ఉద్యోగం, సెలవు రోజుల్లో బ్యాండులో కీబోర్డు. ఒకనాడు దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. స్టూడియోకు మాత్రం చెల్లెల్ని తీసుకుపోయాడు. "నువ్వొస్తే ఇల్లెవరు చూస్తరు? గొంతు నీదే మంచిగుంటది గానీ, ఇప్పుడు ఫేసు గూడ కావాలె గద" అన్నాడు.

అసూయ అని పెద్ద మాటెందుకు, రూప కుళ్లుకుంది. రంగేసిన స్వీటీ జుట్టును చూసి కుళ్లుకుంది. "నా బిడ్డకు దేవుడిచ్చిన గొంతు. పేపరోళ్లొచ్చిండ్రు, జర చాయ్ పెట్టు" అని అత్త లీలమ్మ అన్నప్పుడు కుళ్లుకుంటూనే చాయ్ పెట్టింది. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలామె "గా పాట పిల్ల మీ ఆడిబిడ్డనటగద" అంటూ కొత్తిమీర కట్ట ఊరికే ఇస్తే తీసుకోకుండా వచ్చేసింది. బాత్రూంలో దూరి పాట కింద కామెంట్లన్నీ చదివేది. ఎవరో 'గొంతు యావరేజ్' అని రాస్తే లైక్ కొట్టింది. తర్వాత సిగ్గనిపించింది గానీ, లైక్ మాత్రం తీయలేదు.

మొన్న ఎఫ్ఎంలో అన్నాచెల్లెళ్ల ఇంటర్వ్యూ. వంటింట్లో వెల్లుల్లి వలుస్తూ విన్నది. "పల్లవిల గా గ్యాప్ ఉంది చూడు, పబ్లిక్ ఆడనే పాగల్ అయితున్నరు. ఎట్లొచ్చింది అన్నా?" అని అడిగాడు అవతలివాడు.

"మస్తు ఆలోచించి పెట్టిన భాయ్" అన్నాడు ప్రేమ్‌రాజ్.

స్వీటీ కిలకిలా నవ్వింది. ఆ పిల్ల చెంప పగలగొట్టాలన్నంత కోపమొచ్చింది రూపకు. కాసేపయ్యాక, పగలాల్సిన చెంప అది కాదని తెలిసొచ్చింది.

రెండో పాట కావాలని ఆడియో కంపెనీ వాళ్లు నెలనుంచీ వెంటపడుతున్నారు. కీబోర్డు ముందు అన్నాచెల్లెళ్లు ఎంత గింజుకున్నా ఒక్క ముక్క రాలేదు. ఇవాళ ఇద్దరూ మెట్లెక్కి డాబా మీదికే వచ్చారు. ప్రేమ్‌రాజ్ ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి పిట్టగోడ మీద ఉంచాడు.

"జర పాడు రూపా. నీ పని నువ్వు చేసుకుంటనే పాడు. ఫికర్ చెయ్యకు, మేం డిస్టర్బ్ చెయ్యం."

"ప్లీజ్ వదినా, గట్లనే మధ్యల ఆపుకుంట" అంది స్వీటీ.

పాట లేక కాదు. పదిహేను రోజులుగా గొంతులో కొత్తది తిరుగుతోంది. పాతదాన్ని మరిపించేంత బాగుందని ఆమెకు తెలుసు. రూప లేచి చెయ్యి చీరకు తుడుచుకుంది. అతని ఫోన్ ఆపి అతని చొక్కా జేబులోనే పెట్టింది. నడుముకు దోపుకున్న తన ఫోన్ తీసింది.

"ఏందిది?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"పాట నాది. నా ఫోన్ల పాడ్త, నా పేరు మీదనే పెడ్త. మీరిద్దరు గా దుప్పటి చెరో కొస పట్టుకోర్రి. ఇంక మూడున్నయి."

వాళ్లు తడి దుప్పటి అందుకున్నారు. రూప వాళ్లకు వీపు పెట్టి, ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని, ముందు తన పేరు చెప్పి పాట ఎత్తుకుంది. పిండేవాళ్లు వేరే ఉన్నారు గనుక, రెండో లైను చివర పాట ఆగలేదు.