చుబుకం మీద పెన్సిల్ గీత

మా కోడలు పళ్ళ డాక్టరు. మా ఆవిడ దర్జీ. ఆవిడ కుట్టినవాటికి గుండీలు కుట్టి ఇస్త్రీ చేసిపెట్టే ఉద్యోగం నాది, తిట్లే జీతం.

రెండు నెలల క్రితం మా ఆవిడ కింది దవడలో అడ్డంగా మొలిచిన జ్ఞానదంతం వాచి, నోరు తెరవడమే కష్టమైంది. ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుండగా, "నా కోడలు తప్ప నా నోట్లో ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు" అని భీష్మించుకు కూర్చుంది. పన్ను వేళ్ళు నరానికి ఆనుకున్నాయనీ, పెదవి మొద్దుబారే ప్రమాదముందనీ కోడలు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పింది. ఈవిడ వింటేగా! చివరికి కోడలే పీకింది. పన్ను ఊడింది, వాపు తగ్గింది, పుండు మానింది. కింది పెదవి ఎడమ సగానికీ, దాని కింద చుబుకానికీ మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

దర్జీకి పెదవి మూడో చెయ్యి. కొలత సరిచేస్తూ గుండుసూదులు పెదాల మధ్య పట్టుకోవడం మా ఆవిడకి పెళ్ళికి ముందునుంచీ అలవాటు. ఇప్పుడు సూది గుచ్చుకున్నా తెలియదు. గుడ్డ మీద నెత్తురు పడ్డాక తెలుస్తుంది. ఆ సంగతి కోడలికి చెప్పదు. "పిల్ల బెంగపెట్టుకుంటుందండీ" అని నా నోరు కూడా మూయించింది.

పిల్ల అప్పటికే బెంగపెట్టుకుంది. ఆ రోజునుంచి పళ్ళు పీకడం మానేసింది. శుభ్రం చేయడం, సిమెంటు పెట్టడం తప్ప, పీకాల్సినవాళ్ళందరినీ వేరే డాక్టరు దగ్గరికి పంపేస్తోంది. మా అబ్బాయి ఎంత ఓదార్చినా లాభం లేకపోయింది. "ఇంక ఆ పని నా చేతులతో కాదు మావయ్యా" అంది ఒకసారి భోజనాల దగ్గర.

ఆదివారం వస్తే ఇంట్లో పరీక్ష. అత్తగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, దూదిపోచతో పెదవినీ చుబుకాన్నీ తాకుతుంది. స్పర్శ లేనంత మేరా పెన్సిల్‌తో గీత గీసి ఫోటో తీస్తుంది. గీత వారం వారం లోపలికి జరిగితే నరం కోలుకుంటున్నట్టు. జరక్కపోతే ఆలస్యం చేయకుండా పెద్ద సర్జనుకి చూపించాలి.

మా ఆవిడ ఏం చేసిందీ? తాకినా "తెలిసింది", తాకకపోయినా "తెలిసింది". గీత పరుగులు పెడుతోంది గానీ, కోడలి ముఖంలో అనుమానం పోవడం లేదు. మొన్న ఆదివారం దూది పక్కన పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఇప్పుడు తెలిసిందా అత్తయ్యా?"

"భేషుగ్గా!"

"నేను ముట్టుకోలేదు."

మా ఆవిడ కళ్ళు తెరిచింది. "నీ కోసమే కదే తల్లీ..."

"నా కోసమైతే నిజం చెప్పండి. మీరిలా తలూపుతూ పోతే సర్జనుకి చూపించాల్సిన సమయం దాటిపోతుంది. అప్పుడు నన్ను నేను ఎలా క్షమించుకోను?" అంటూ ఏడ్చేసింది పిల్ల.

నాకు తిక్క రేగింది. "వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా అబద్ధమాడకూడదన్నారు. వైద్యుడు కోడలైతే ఆడొచ్చని ఎవరూ అనలేదు. నిన్న ఆ చొక్కా మీద నెత్తురెలా పడిందో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆవిడ నన్ను కొరకొరా చూసి, సూదుల సంగతంతా తనే చెప్పింది. తర్వాత కళ్ళు మూసుకుంది. "కానియ్యమ్మా."

"ఇక్కడ తెలిసిందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

ఒక్కో "లేదు"కీ పెన్సిల్ గీత బయటికి జరిగింది. ఇంచుమించు మొదటి వారం ఉన్నచోటికే వచ్చేసింది. చూడలేక నేను ఒక్క క్షణం గుమ్మం వైపు తిరిగాను.

"ఇక్కడ?"

"లేదు... ఆగాగు. చీమ పాకినట్టుంది."

"అత్తయ్యా, మళ్ళీ నా కోసం..."

"చీమంటే చీమేనే!"

కోడలు దూది పైకెత్తేసి అడిగింది. "ఇప్పుడు?"

"ఏమీ లేదు."

తాకించింది. "ఇదిగో, వచ్చింది."

తిప్పి తిప్పి అడిగినా మా ఆవిడ ఒక్కసారీ తప్పలేదు. నోటి మూలన వేలిగోరంత చోటు. "నరం మేలుకుంటోంది మావయ్యా" అంటూ కోడలు కళ్ళు తుడుచుకుంది. పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టొచ్చనీ, ఎందుకైనా మంచిది సర్జనుకీ చూపిద్దామనీ, అందాకా సూదులు నోట్లో పెట్టొద్దనీ చెప్పింది. అత్త "ఏమీ లేదు" అన్నందుకు ఇంత సంబరపడిన కోడల్ని నేనెక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీలు తాగుతుండగా క్లినిక్‌లో నర్సు ఫోన్ చేసింది. ఎవరో పన్ను పీకించుకోవడానికి వచ్చారట, ఎప్పటిలాగే వేరే డాక్టరు దగ్గరికి పంపెయ్యనా అని అడుగుతోంది. కోడలు ఒక్క క్షణం అత్తగారి వైపు చూసింది.

"పంపకు. ఎక్స్‌రే తీసి కూర్చోబెట్టు. వస్తున్నా."