అరగని జత

నెలలో మొదటి శనివారం పెద్దక్క సంచీ తెచ్చి నా బల్ల మీద బోర్లిస్తుంది. మా వీధి మలుపులో ఉన్న పిల్లల ఇంటిని నడిపే మనిషి ఆవిడ. కాలో, చెయ్యో, మాటో సరిగా రాలేదని కన్నవాళ్ళు ఆస్పత్రి వరండాల్లో, బస్సు సీట్లలో వదిలేసి వెళ్ళిన పిల్లలు పద్దెనిమిది మంది అక్కడ పెరుగుతున్నారు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ వాళ్ళ బూట్లన్నీ మా కొట్లోనే, ఊరకే బాగవుతాయి. నాన్న పోయాక కొట్టు నాకొచ్చింది, సంచీ కూడా నాకే వచ్చింది. "ఆడదానివి, బూట్లు కుట్టడమేమిటే?" అన్నవాళ్ళకి నేనిచ్చిన జవాబులు ఇక్కడ రాయను. నా నోరు మంచిది కాదని వీధి వీధంతా అంటుంది. నిజమే.

ఆ సంచీ పని మాత్రం నాకు ఇష్టం. మధ్యాహ్నం అద్దాల తలుపులోంచి ఎండ నేల మీద వాలే వేళ, తోలు పొడి గాలిలో తేలుతుంటే ఒక మగత కమ్ముతుంది. అప్పుడు బూటు తిరగేసి సోలు చూస్తే చాలు, పిల్ల నడక కళ్ళకు కడుతుంది. ఎడమ మడమ బయటి అంచున అరిగితే ఊతకర్రవాడు. వేళ్ళ దగ్గరే అరిగితే మునివేళ్ళ మీద నడుస్తారని పెద్దక్క చెప్పిన కవలల్లో ఒకడు. కుడి బూటు ముక్కు చెక్కుకుపోతే కాలీడ్చే పిల్ల. వాళ్ళలో ఒక్కరినీ నేను చూసింది లేదు. ఆ ఇంటికి వెళ్ళే ధైర్యం నాకెప్పుడూ చాలలేదు. అందుకే బాగుచేసిన ప్రతి జతలోనూ ఒక చీటీ పెడతాను. "రాళ్ళని తంతావురా వెధవా? ఈసారి నిన్నే తంతాను." "ఏమే, కాళ్ళకు చక్రాలు కట్టుకున్నావా?" ఇట్లాంటివే, అన్నీ తిట్లే. ముద్దు మాటలు నాకు రావు.

ఆ సంచీలో ఒక జత ఎప్పుడూ కొత్తగా ఉండేది. ఎర్ర తోలు, పక్కన బుల్లి బకిల్, సోలు మీద గీతైనా లేదు. మొదటి నెల "వీటికేం రోగం?" అనుకుని తుడిచి, చీటీ లేకుండా తిప్పి పంపాను. రెండో నెల మళ్ళీ వచ్చాయి. మూడో నెల నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ నెల కాలీడ్చే పిల్ల బూటు ముక్కు ఊడి చేతికొచ్చింది, ఇక అతుకు వెయ్యడానికి తోలే మిగల్లేదు. కొలిచి చూస్తే రెండు జతలూ ఒకటే సైజు. ఒకటి ఊరికే పడి ఉంటే ఇంకో పిల్ల వేళ్ళు బయటపెట్టుకు తిరగాలా? ఎర్రబూటు కుడి ముక్కు మీద అదే రంగు తోలు మందంగా వేసి కుట్టాను. "కాలీడ్చే పిల్లా, ఇవి ఇక నీవి. వీటినీ చింపావంటే చూడు" అని చీటీ పెట్టి పంపేశాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మూడో రోజు పెద్దక్క సంచీ లేకుండా వచ్చింది.

"దొరసాని సరిగా తినడం లేదమ్మా."

"దొరసాని ఎవరు?"

"ఎర్రబూట్లది. ఏడేళ్ళు. నడుం కింద పట్టు లేదు. ఎక్కడికెళ్ళాలన్నా మేమే ఎత్తుకోవాలి, అందుకే దొరసాని అంటాం. అందరి బూట్లూ సంచీలో వేస్తుంటే తనవీ వెయ్యమని గొడవ చేసేది. నీ చీటీలు భోజనాల దగ్గర చదువుతాం కదా..."

"చదువుతారా!"

"చదవకపోతే వీళ్ళు ఊరుకుంటారా? బూట్లత్త ఎవర్ని ఎక్కువ తిట్టిందని వాళ్ళకి పోటీ. దీనికి ఒక్క చీటీ రాలేదు. వచ్చే నెల తిడుతుందిలే అని చూస్తూ కూర్చుంది. మొన్న నీ చీటీ అందరి ముందూ చదివాక గానీ అందులో ఏముందో నాకూ తెలియలేదు. నీకు ముందే ఒక మాట చెప్పాల్సింది, తప్పు నాదే."

నాకు తల తీసేసినట్టయింది. "కాలీడ్చే పిల్ల దగ్గర తీసుకుని తిరిగిచ్చెయ్యండి" అన్నాను.

"అది ఇస్తానంది. దొరసానే వద్దంది. 'నా దగ్గర అవి అరగవు కదా, నువ్వే ఉంచుకో' అంది."

పెద్దక్క వెళ్ళిపోయాక పని ముట్టలేదు, బల్ల మీద తల వాల్చాను. బయట సన్నగా వాన. నిద్రో మెలకువో నాకే తెలియదు. అర మీది బూట్లు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా దిగాయి. తడి రోడ్డు మీదికి, మలుపు దాటి, నేనెన్నడూ చూడని ఏటి ఒడ్డు వెంట వరసగా నడిచిపోతున్నాయి. ఎర్రబూట్లు మాత్రం గడప దగ్గరే ఆగిపోయాయి. "నన్ను తిట్టవా అత్తా?" అని బతిమాలాయి. తిడదామని నోరు తెరిచాను. ఇంత నోరున్నదానికి ఒక్క తిట్టూ దొరకలేదు. లేచేసరికి బల్ల తడిగా ఉంది. వానజల్లు అనుకుందామంటే తలుపు వేసే ఉంది.

రెండు రోజులు కూర్చుని ఆకుపచ్చ తోలుతో ఒక జత కుట్టాను. గుండె రాయి చేసుకుని ఆ ఇంటికి వెళ్ళాను.

పొడుగాటి గది. కిటికీలన్నీ పిల్లల ఎత్తుకి కిందికి దించి కట్టారు. తెల్ల తెరలు ఊగుతున్నాయి, వాటి వెనక ఎండ ఊగుతోంది. ఒక దిండు కుర్చీలో బక్కపల్చటి పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా బూట్లత్తవి?"

"నేనే. కోపమా నా మీద?"

"ఆఁ."

"ఎంత?"

"చాలా."

"సరే, ఉండనీ. కాలివ్వు."

తొడిగాను. మూతి ముడుచుకుని చూసుకుంది. "ఇవీ అరగవు" అంది.

"అరక్కపోతే నా పేరు మార్చి పిలువు."

చంకల కింద చేతులేసి లేపాను. దాని బూట్లని నా బూట్ల మీద నిలబెట్టి, పెద్దక్క చేత రెండు తువ్వాళ్ళతో దాని కాళ్ళని నా కాళ్ళకి కట్టించాను. దాని వీపు నా పొట్టకి ఆనింది. కుడికాలు ఎత్తాను, దాని కుడికాలూ లేచింది. ఎడమకాలు. మళ్ళీ కుడి. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి కిందికే చూస్తోంది. నీళ్ళలో నడుస్తున్నట్టు ఇద్దరం మెల్లగా వరండా దాటాం.

"నేనేనా అత్తా?"

"నువ్వు కాక ఇంకెవరు? నేను నీ కిందున్నాను."

"అయితే గేటు దాకా పద."

గేటు దాకా వెళ్ళాం. అక్కణ్ణించి వెనక్కి, మళ్ళీ గేటుకి. పిల్లలంతా వరండాలోకొచ్చి చూస్తున్నారు. దొరసాని పేరు దానికి ఊరికే రాలేదు, నా నడుం పడిపోతున్నా ఆపనివ్వదే! ఇంటికొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. ఒక్క రోజు నడకకి సోలు ఎక్కడ అరుగుతుందిలే, మాట పోగొట్టుకున్నాను అని ఆ నెలంతా దిగులు పడ్డాను.

మొదటి శనివారం సంచీ వచ్చింది. ముందు ఆకుపచ్చ జత వెతికి తిరగేశాను.

మడమ దగ్గర అరుగుదల లేదు. ముక్కు దగ్గరా లేదు. నడిమధ్యలో తోలు నలిగి లేచిపోయింది. ఏ నడిచే పిల్ల బూటూ అక్కడ అరగదు. అది ఒక్క రోజు పని కాదు, నా ఒక్కదాని పనీ కాదు. ఎండలో పెట్టి చూశాను. అడ్డంగా లేసు ముడి రాపిడి, ఆ ఇంటి వంటావిడ బూట్లది. పక్కన బకిల్ గీతలు. ఆ బకిల్ కుట్టింది నేనే, పెద్దక్క చెప్పులకి. కుడి సోలు అంచున ఎర్రరంగు అంటుకుని ఉంది. నేను మందంగా వేసిన ఆ తోలు రంగే. కాలీడ్చే పిల్ల కూడా, ఎవరో పట్టుకుంటే, దొరసాని కాలి కింద తన కాలు పెట్టింది.

పెద్దక్క ఏమీ ఎరగనట్టు గోడకేసి చూస్తోంది.

ఎన్నడూ వెయ్యని చోట అతుకు వేశాను, సోలు నడిమధ్యన. తర్వాత చీటీ తీసుకున్నాను. రాతకేం తడుముకోలేదు.

"ఏమే దొరసానీ! నెల తిరక్కుండా ఇంత అరగదీస్తావా? ఒక్కచోట కుదురుగా ఉండలేవా? ఎవరు కుట్టి చస్తారనుకున్నావు నీకు?"

"దీనికేం రాశావు?" అంది పెద్దక్క.

"తిట్టాను. అందరి ముందూ చదవండి" అన్నాను. "గట్టిగా."