దూలగొండి సాక్ష్యం

తాపీమేస్త్రీకి వాడలో ఇంకో పేరుంది: దూలగొండి. ఆయన మాట తగిలితే ఎవరికైనా వారం రోజులు మండుతుందని అలా పిలుస్తారు. ఐదో తరగతిలో బడి మానేసి, ముప్పై ఏళ్లు సిమెంటు కలిపి, చదువుకున్నవాళ్ల ఇళ్లకు గోడలు లేపిన మనిషి. ఆ గోడల నీడన కూర్చుని వాళ్లు తనను 'ఏయ్' అని కేకేస్తుంటే నోరు అలా తయారైంది. పుట్టుకతో వచ్చింది కాదు.

ఆ సాయంత్రం కూతురు ప్లాస్టిక్ కవరులో ఒక తీగ ముక్క తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. అడవి మొక్కల తోటలో ఆమెది మూడు నెలల తాత్కాలిక పని. గడువు రేపటితో సరి. ఈ తీగ పేరు సరిగ్గా రాసి తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తానంది పెద్ద మేడం. తప్పు రాస్తే ఇంటికే.

"పుస్తకంలో రెండున్నాయి నాన్నా. రెంటికీ ఆకు అంచు రంపంలాగే ఉంటుంది, నూగూ ఉంటుంది. ఒకటి ఉత్త తీగ. రెండోది దూలగొండి, తగిలితే దురద. తోటలో అందరం గ్లౌజులేసుకున్నాం, ఇంకేం తెలుస్తుంది?"

"దీనికి పుస్తకం కూడానా? ఇటు తే!"

ఆకు లాక్కుని రెండు అరచేతుల మధ్య వేసి నలిపాడు. కాసేపు చూశాడు.

"చీమ కుట్టినట్టు కూడా లేదు. ఉత్త తీగే, రాసెయ్."

కూతురు పెన్ను తీసింది.

"ఆగవే," అంది తల్లి పొయ్యి దగ్గర్నుంచి. "ఆ చేతుల్ని నమ్మి రాస్తావా? వాటిని తేలు కుడితే తేలుకే నొప్పి."

"నీకు కూడు పెట్టింది ఈ చేతులే!"

విసురుగా లేచాడు. చెమట పట్టిన మెడను అరచేత్తో తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, టక్కున ఆగిపోయాడు. ముందు చురుక్కుమంది. ఆ వెంటనే మెడంతా నిప్పు రాజుకుంది.

"ఓరి నాయనో! రాయవే తల్లీ, రాయి! దూలగొండే! దీని దుంప తెగ, దూలగొండే!"

తల్లి నవ్వాపుకోలేక చన్నీళ్ల చెంబు అందించింది. "అది తగిలితే ఎలా ఉంటుందో ఊరందరికీ తెలుసు. మీకే ఇవాళ తెలిసింది."

కాగితంలో చివరి గడి 'ఎలా గుర్తుపట్టారు?' అని అడుగుతోంది. కూతురు పెన్ను కొస కొరుకుతూ ఆలోచించి, ఒక ముక్క రాసింది.

మర్నాడు మధ్యాహ్నానికే సంతకం పడిన కాగితంతో ఇంటికొచ్చింది. ఆ గడి దగ్గర మేడం పగలబడి నవ్విందట. "మీ నాన్నగారిని ఒకసారి తోటకి తీసుకురా" అందట.

మేస్త్రీ మెడ ఇంకా కందే ఉంది.

"గారా? నన్ను?"

"అవును నాన్నా."

"ఇంతకీ ఏం రాశావే అందులో?"

"మా నాన్న మెడ మీద రుజువైంది, అని."

నాలిక చివరిదాకా ఏదో పుల్లవిరుపు మాట వచ్చింది. మింగేశాడు.

"ఏదీ, ఇంకోసారి చదువు," అన్నాడు.