ఇద్దరుంటేనే తెరిచే గది

మా గదికి రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర ఉండేది, రెండోది మా వియ్యంకుడి దగ్గర.

నిజానికి మేం పిల్లనిచ్చుకున్నదీ లేదు, తెచ్చుకున్నదీ లేదు. ఆయనది వాళ్ల దేశం, నాది మా దేశం. రెండూ ప్రపంచాన్ని చెరో కొసా పట్టుకుని లాగే పెద్ద దేశాలు. అలాంటి రెండిళ్ల తరఫునా మేమిద్దరం ఒక మూడో దేశంలో, కొండ కింది నేలమాళిగలో, ఒకే యంత్రం ముందు పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లం. చేరిన కొత్తలోనే ఆయన అన్నాడు: "మర్యాదకి లోటు రాకూడదు. మాట జారకూడదు. కోపం వచ్చినా లేచి వెళ్లిపోకూడదు. మనం వియ్యంకులం కాక మరేమిటండీ?" ఆ పిలుపే ఖాయమైపోయింది.

యంత్రం చేసే పని చిన్నదే. నేల కదిలితే గీత గీస్తుంది. భూకంపానికి ఒక తీరు గీత, భూగర్భంలో బాంబు పేల్చి చూసుకుంటే మరో తీరు గీత. దొంగచాటుగా పేల్చబోమని రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఆ మాట మీద ఉన్నారో లేదో చూసేందుకు మేము. గంటగంటకీ నేనొక అంకె చదివేవాణ్ణి, ఆయనొక అంకె చదివేవాడు. రెండూ కలిస్తే ఇద్దరం సంతకాలు పెట్టేవాళ్లం. మా ఇద్దరి మాటా ఎప్పుడైనా కలవకపోతే రెండు దేశాల అధికారులూ ఒకే బల్ల ముందు కూర్చుని, తేలేదాకా లేవకూడదని ఒప్పందంలో ఉంది. మా హయాంలో ఆ అవసరం రాలేదు.

ఇంకొక నియమం ఉంది. యంత్రం దగ్గర ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. ఒకరు బయటికి వెళ్తే రెండోవారు కూడా లేచి నడవాలోకి రావాలి. గుమ్మానికి బిగించిన చిన్న గాజుకన్ను లోపలికి వెళ్లేవాళ్లని లెక్కపెడుతుంది. సాయంత్రం తాళాలు వేసేటప్పుడు చూస్తే ఎప్పుడూ సరిసంఖ్యే.

మా వియ్యంకుడికి చక్కెర జబ్బు. బాత్రూముకి ఆయన లేచినప్పుడల్లా నేనూ లేవాలి.

"మీ సైన్యం మమ్మల్ని ఏమీ చెయ్యలేదు గానీ, మీ ఒక్కరి బాత్రూమే మా మోకాళ్లని జయించేసింది వియ్యంకుడు గారూ," అనేవాణ్ణి.

"రాసుకోండి, రాసుకోండి. అది మా రహస్యాయుధం," అని తలుపు వెనకనుంచి జవాబు.

నా భార్య పోయిన కబురు నాకు ఆ నడవాలోనే అందింది. అంతకు ముందు సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు బాగానే ఉంది. నేను గోడకి ఆనుకుని ఏడుస్తుంటే ఆయన పక్కనే నిలబడ్డాడు. నిబంధన ప్రకారం నిలబడాల్సిందే, ఒక్కడే లోపలికి వెళ్లకూడదు కదా. కానీ భుజం మీద చెయ్యి వేసి ఉంచమని ఏ నిబంధనలోనూ లేదు. నమ్మకం లేక పెట్టిన ఆ నియమం వల్ల, ఆ పూట నేను ఒంటరిగా ఏడవవలసిన అవసరం తప్పింది. అంత్యక్రియలు ముగించుకుని తిరిగి వచ్చాక, అమ్మాయి తన దగ్గరికి వచ్చెయ్యమన్నా, ఈ నేలమాళిగనే పట్టుకుని ఉండిపోయాను.

ఈ ఏడాది రెండు దేశాలకీ పూర్తిగా చెడింది. రాయబారులు పెట్టెలు సర్దుకున్నారు. విమానాలు ఆగాయి. ఆ వేడి మెట్లు దిగి మా దాకా వచ్చింది. మొదట మా టీ కెటిల్ పోయి రెండు కెటిళ్లు వచ్చాయి. తర్వాత కుర్చీల మధ్య నేల మీద పసుపు గీత గీశారు. అంకెలు తప్ప మరో మాట మాట్లాడకూడదన్నారు. అప్పటినుంచి మా వియ్యంకుడు అంకెనే రకరకాలుగా చదివేవాడు. కుశలం అడుగుతున్నట్టు ఒకసారి, నా చొక్కా బొత్తాం తప్పు పెట్టుకున్నానని వెక్కిరిస్తున్నట్టు ఒకసారి. నేను బొత్తాం సరిచేసుకుని నా అంకె చదివేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నడవాలో ఉండగా నా గుండె పట్టేసింది. గోడ పట్టుకుని నేల మీద కూలబడ్డాను. మాత్రలు లోపల, కుర్చీకి తగిలించిన కోటు జేబులో ఉన్నాయి. నా గుండె సంగతి మావాళ్లకి చెప్పలేదు. తెలిస్తే ఇంటికి పంపేస్తారు. ఆయనకి మాత్రం తెలుసు.

ఆయన గుమ్మం వైపు చూశాడు. నా వైపు చూశాడు. "చావకండి, వచ్చేస్తున్నా," అని లోపలికి పరుగెత్తాడు. మాత్ర తెచ్చి నా నాలుక కింద పెట్టాడు. కాసేపటికి ఊపిరి అందింది. ఇద్దరం లోపలికి వెళ్లి ఆ గంట అంకె చదివాం.

సాయంత్రం గాజుకన్ను కింద బేసిసంఖ్య కనిపించింది.

తెల్లవారేసరికి రెండు దేశాల అధికారులూ దిగారు. మా తరఫున వచ్చినావిడ నా కూతురి కంటే చిన్నది. వాళ్ల తరఫున వచ్చినాయన చొక్కా ఎంత గట్టిగా ఇస్త్రీ అయి ఉందంటే, ఆయన కూర్చుంటే చొక్కా నిలబడే ఉన్నట్టుండేది. మా ఇద్దరినీ పక్కపక్క గదుల్లో విడివిడిగా కూర్చోబెట్టారు.

నాకు ఒకటే భయం. ఆయన ఒంటరిగా వెళ్లాడని తేలితే మావాళ్లు యంత్రాన్ని పాడుచేశాడంటారు. శత్రువు కోసం నియమం తప్పాడని వాళ్లవాళ్లు ఆయన్ని ఇంటికి కాదు, జైలుకి పంపుతారు.

"లోపలికి ఒంటరిగా వెళ్లింది ఎవరు సార్?" అంది మా అధికారిణి.

"నేనేనమ్మా. కళ్లజోడు మరిచిపోతే వెళ్లాను."

ఆవిడ నా ముక్కు మీద ఉన్న కళ్లజోడు చూసింది. "ఇదేనా?"

"ఇదే. తెచ్చుకున్నాను కదా మరి."

ఆవిడ రాసుకుని బయటికి వెళ్లింది. కాసేపటికి ఇద్దరు అధికారులూ నడవాలో ఎదురుపడినట్టున్నారు, గొంతులు లేచాయి. ఆ తర్వాత మమ్మల్ని ఒకే గదిలోకి పిలిచారు. ఒకే బల్ల ఉంది. అటు ఇస్త్రీ చొక్కా, ఇటు మా అధికారిణి. నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు ప్రభుత్వాలు ఒకే బల్ల ముందు కూర్చున్నాయి.

"మీ ఇద్దరి మాటా కలవడం లేదు," అన్నాడు ఇస్త్రీ చొక్కా. "ఒప్పందం ప్రకారం ఇది తేలేదాకా మేం లేవకూడదట. మీరు ఒక్కణ్ణే వెళ్లానన్నారు. మావాడేమో ఇద్దరం కలిసే వెళ్లామనీ, కన్ను మీద ఈగ వాలి ఒకరిని లెక్కపెట్టలేదనీ అంటున్నాడు."

నేను మా వియ్యంకుడి వైపు తిరిగాను. "ఈగా?"

"మరేం చెప్పమంటారు? మీ గుండె సంగతి బయటపెడితే మిమ్మల్ని ఖాళీ ఇంటికి తోలేస్తారు. మీరు మాత్రం? మొహం మీద కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు కోసం వెళ్లారా?"

"నేల కింద కొండ లోపల ఈగ ఎక్కడినుంచి వచ్చిందండీ!"

"వస్తుంది. మీ కెటిల్ మీ దేశం కడగదు."

ఇన్నేళ్లు గంటగంటకీ అంకెలు సరిచూసుకున్నవాళ్లం, అబద్ధం ఒక్కటీ సరిచూసుకోలేదు. మా అధికారిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికేనని ఆ కళ్లు చెప్పాయి.

"నిజం చెప్తానమ్మా," అన్నాను. గుండె, మాత్ర, పరుగు అన్నీ చెప్పాను. "ఆయన నియమం తప్పింది మా దేశం మనిషిని బతికించడానికి. దీనికి ఆయన్ని శిక్షిస్తే ఆ శిక్షలో సగం నాది."

ఇస్త్రీ చొక్కా మా వియ్యంకుడి వైపు తిరిగాడు. "నువ్వు లోపల యంత్రాన్ని తాకలేదని ఎలా నమ్మాలి?"

"నమ్మక్కర్లేదు సార్. గీత చూడండి."

నలుగురం కలిసి వెళ్లి చూశాం. ఆ వేళ గీతలో ఒక చిన్న వణుకుంది. బాంబూ కాదు, భూకంపమూ కాదు. బరువైన మనిషి బూట్లతో కుర్చీ దాకా పరుగెత్తి, నిలబడకుండా వెనక్కి పరుగెత్తిన అదురు. యంత్రం అది కూడా రాసుకుంది. నేను దాన్ని చాలాసేపు చూశాను.

అధికారులిద్దరూ మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లారు. ఒక్క వాక్యం కోసం పొద్దంతా వాదించుకున్నారు. చివరికి, "ఒక ఉద్యోగి మరొక ఉద్యోగికి మందు తెచ్చి ఇచ్చెను, యంత్రమునకు హాని లేదు, ఎవరిపైనా చర్య లేదు," అని ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ రెండు దేశాలూ ఈ ఏడాది ఒప్పుకున్న వాక్యం నాకు తెలిసి అదొక్కటే.

ఒప్పందం మాత్రం నిలవలేదు. నెల తిరగకుండానే రద్దయింది. చివరి రోజు ఇద్దరం రెండు తాళాలూ వేశాం. పసుపు గీతకి చెరో వైపు నిలబడి, తాళంచెవులు ఎవరి అధికారులకి వాళ్లం అప్పగించాం. మా అధికారిణి నా పెట్టె తనే పట్టుకుని మెట్లెక్కుతూ, "మందులు వేళకి వేసుకోండి బాబాయ్ గారూ," అంది.

ఖాళీ ఇంటికి వెళ్లలేదు. అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. కానీ వాక్యం మీద సంతకాలు చేసినంత మాత్రాన ఆయన్ని నిజంగా ఇంటికి వెళ్లనిచ్చారో లేదోనన్న గుబులు నాతోనే వచ్చింది. ఉత్తరాలు వెళ్లవు. మంచి రోజుల్లో అమ్మాయి ఫోను నంబరు ఆయనకి రాసిచ్చాను గానీ, ఫోన్లు కలవవు.

మొన్న పొద్దున అల్లుడు టిఫిను మధ్యలో లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. నేనూ లేచి వెళ్లి అతని వెనక నడవాలో నిలబడ్డాను.

"ఇదేం అలవాటు నాన్నా? ఆయన చెయ్యి కడుక్కుంటే నువ్వు కాపలా ఏమిటి?" అని అమ్మాయి నవ్వింది. ఇంతలో ఫోను మోగితే తీసి, కాస్త విని, నా వైపు చాపింది. "ఎవరో మరి. ఎవరని అడిగితే నీ వియ్యంకుణ్ణంటున్నాడు, మా మామగారి గొంతు మాత్రం కాదు."

నేను ఫోను చెవికి పెట్టుకున్నాను. గరగరల మధ్య, ఎంతో దూరంనుంచి, అంకె చదివే ఆ గొంతే.

"ఇంట్లోంచే మాట్లాడుతున్నాను వియ్యంకుడు గారూ. అదృష్టం కొద్దీ లైను కలిసింది, ఎప్పుడు తెగుతుందో తెలీదు. మాత్ర వేసుకున్నారా?"

"ఇప్పుడే వేసుకుంటాను," అన్నాను. "మీరు లైన్లోనే నిలబడండి."