మా కొట్టు ముందు మెట్టు

తైనాన్‌లో మా వీధి కొట్లన్నిటికీ ముందు వసారా ఉంది. ఎవరి ముక్క వాళ్లదే, కానీ వానైనా ఎండైనా జనం నడిచేది దాని మీదే. మా అగరుబత్తుల కొట్టు ముందు నేలను, ఒక ఏడు వరదొచ్చాక మా నాన్న జానెడు ఎత్తు లేపాడు. నీళ్లు లోపలికి రావు, కలిమి బయటికి పోదు అనేవాడు.

పక్కింటి యూషియా అవ్వకు ఎనభై దాటాయి. రోజూ పొద్దున గుడికి వెళ్తూ మా మెట్టు దగ్గర ఆగేది.

"అఖున్, మీ కొండ ఎక్కుతున్నా. టిక్కెట్టు కొనాలట్రా?"

"అవ్వలకు ఉచితమే!"

పోయినేడు వార్డు పెద్ద షీ కాగితం పట్టుకొచ్చింది. వసారాలన్నీ ఒకే మట్టానికి తెస్తారట.

"అందరూ సంతకం పెట్టారు. నువ్వొక్కడివే మిగిలావన్నా."

"నాన్న వేసిన నేలమ్మా. తవ్వితే కొట్టు అచ్చిరాదు."

"నీకు అచ్చొచ్చిందిలే. పాపం, అవ్వ మోకాళ్లకు అచ్చిరావద్దూ?"

నవ్వాను గానీ సంతకం పెట్టలేదు.

చాంద్రమాసంలో రెండో నాడు, పదహారో నాడు కొట్లవాళ్లం వసారాలో బల్ల వేసి, నేలను కాచే దేవుడు భూమి తాతకు నైవేద్యం పెడతాం. షీ వచ్చి వెళ్లాక వచ్చిన పదహారున నా బల్ల వసారా అంతా పరుచుకుంది. బత్తులు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. వెనక అవ్వ కర్ర చప్పుడు వినిపించింది. మొక్కు మధ్యలో కదలకూడదని కదల్లేదు. నన్ను కదిలించకూడదని ఆవిడా పిలవలేదు. పక్కనుంచి రోడ్డు మీదికి దిగబోయి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

మర్నాడే వెళ్లి సంతకం పెట్టాను. రెండు నెలల్లో నేల చదునైంది. ఆ మాట చెప్పడానికి అవ్వ మంచం దగ్గరికి వెళ్లాను.

"కొండ తీసేశారవ్వా."

"ఇప్పుడా? నేను మంచమెక్కాకనా?" అని నవ్వింది. కాసేపటికి, "నేనింక నడవలేనురా. రేపట్నుంచి నా బత్తి కూడా నువ్వే పట్టుకెళ్లు," అంది.

నేలను కాచే దేవుడికి మొక్కుతూ, ఆ నేల మీద నడిచే మనిషిని రోడ్డు మీదికి దింపాను. ఆ మొక్కు ఆయన అందుకున్నాడా? అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు బల్ల కొట్టు లోపలే వేస్తున్నాను. రోజూ పొద్దున రెండు బత్తులతో గుడికి బయల్దేరతాను. మెట్టు లేకపోయినా, ఆ చోటికి రాగానే నా కాలు ఇంకా పైకి లేస్తుంది.