కంటికి ఆనని మంట

కొలిమి గదిలో వదినా మరిదీ ఇద్దరే పనిచేసేవారు. పొడవాటి గాజుగొట్టంలోకి వాయువులు పంపి, ఎర్రగా కాల్చి, ఉక్కు రేకు మీద నల్లటి కార్బన్ నూగు పెంచడం వాళ్ళ పని. వెంట్రుకను వెయ్యి పాయలు చీల్చినా అంత సన్నం రాదు. ఆ రేకులు బ్యాటరీల్లోకి వెళతాయి. “మసి పూసి మారేడుకాయ చెయ్యడమంటే ఇదే వదినా,” అని మరిది నవ్వించేవాడు.

ఆ మధ్యాహ్నం అతను ఇరుకు దారిలోంచి మూలకు వెళ్ళి మీటరు చూస్తుండగా, గోడ వెంట పోయే హైడ్రోజన్ గొట్టం దగ్గర బుస వినిపించింది. పొగ లేదు, వాసన లేదు. కానీ ఎదుటి గోడకు అంటించిన కాగితం అంచు దానంతటదే నల్లబడి ముడుచుకుపోయింది. వదినకు పైప్రాణాలు పైనే పోయాయి. హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి కనబడదు.

“కదలకు! ఎక్కడున్నవాడివి అక్కడే ఉండు!”

“ఏమైంది వదినా? ఇక్కడేం లేదే?”

ఆమె చీపురు అందుకుని ముందుకు చాచింది. అతని ఛాతీకి మూరెడు దూరంలో ఈనెలు భగ్గుమన్నాయి. మరిది గోడకు అతుక్కుపోయాడు. తలుపుకూ అతనికీ మధ్య ఆ మంటే అడ్డం.

చీపురు తొక్కి ఆర్పింది. హైడ్రోజన్ ఉన్నపళంగా కట్టేస్తే కొలిమిలోకి గాలి చొరబడి పేలుతుంది. ముందు మండే గుణం లేని ఆర్గాన్ వాయువును లోపలికి వదలాలి. ఆర్గాన్ పిడి రెండుసార్లు జారింది, మూడోసారి తిరిగింది. హైడ్రోజన్ కట్టేసే బయటి వాల్వు దగ్గరికి పరుగెత్తింది.

“వదినా, వెళ్ళిపోతున్నావా?”

ఆమె ఆగలేదు.

వాల్వు బిగించి వచ్చేసరికి బుస ఆగింది. మిగిలిన ఈనెలను పైనా కిందా నాలుగుసార్లు తిప్పి చూశాకే “రా” అంది. అతను గోడకు వీపు రాసుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ గడప బయట కూలబడ్డారు. “అన్నయ్యకు చెప్పొద్దు వదినా. మళ్ళీ ఇటు రానివ్వడు,” అన్నాడు.

“అన్నయ్యకూ చెప్తాను, మేనేజరుకూ చెప్తాను. పొద్దున ఆ జాయింటు బిగించింది నేనే. లీకు చూడకుండానే చూశానని తనిఖీ పుస్తకంలో రాసేశాను.”

అతను పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

ఆమె లేచి, ఆ పుస్తకం తీసుకుని మేనేజరు గదివైపు నడిచింది.